ఊఁ కొట్టని పేజీ

కృష్ణవేణికి గర్వం ఎక్కువని కాలేజీలో అందరూ అనుకుంటారు. నిజమే, ఎక్కువే. ఉండొద్దా మరి? ముసునూరు మామిడి షెడ్డులో కాయలేరే రమణమ్మ కూతురు హైదరాబాదు వెళ్లి ఫిలాసఫీలో డాక్టరేటు చేసింది. చేసి ఊరుకోలేదు. సాయంత్రం క్లాసులకి పోయి జర్మన్ నేర్చుకుంది. నేర్చుకుని, ఆ దేశపు తత్వవేత్తల్లోకెల్లా కొరకరాని కొయ్య అనిపించుకున్న పెద్దమనిషి పుస్తకాన్ని పట్టుకుని తెలుగులోకి దించడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మీదుగా కాదు, నేరుగా. ఫిలాసఫీకి పిల్లలు చేరడం లేదని నూజివీడులో ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు ఆమెకి ఇంగ్లీషు పాఠాలు అంటగట్టారు, అది వేరే సంగతి. కడుపు కోసం ఇంగ్లీషు, ప్రాణం కోసం జర్మన్ అని తనే అనేది.

ఆ పుస్తకం సామాన్యమైంది కాదు. రాసినాయన ఒక వాక్యం మొదలుపెట్టాడంటే పేజీ తిరిగితేగాని అయిపోదు. ఒక మాట అంటాడు. పక్క పేజీలో ఆ మాట తప్పంటాడు. ఆ పై పేజీలో తప్పూ ఒప్పూ కలిపితేనే నిజం అంటాడు. చదివేవాడు జుట్టు పీక్కుని పుస్తకం మూసేస్తే అది ఆయన తప్పు కాదన్నట్టు ముందుకి సాగిపోతాడు. మనిషికి తనెవరో తనకి ఎలా తెలుస్తుంది అన్నది ఆయన ప్రశ్న. అంత చిన్న ప్రశ్నకి అంత లావు పుస్తకం.

పని మొదలుపెట్టిన కొత్తలో, హైదరాబాదులో ఆమెకి పాఠం చెప్పిన ప్రొఫెసరు గారు ఒక మాట అన్నారు. "వేణీ, తెలుగులో ఇది నిలబడదమ్మా. దీన్ని చదవగలిగినవాళ్లకి ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లీషు రానివాళ్లు దీని జోలికి రారు. ఎవరి కోసం ఈ చాకిరీ?"

ఆ మాట ఆమెకి ములుకులా దిగింది. ఆయన మీద గౌరవం కొద్దీ ఎదురు చెప్పలేదు గాని, బస్సులో నూజివీడు దాకా పళ్లు కొరుకుతూనే వచ్చింది. అప్పుడు పెట్టుకుంది ఒక పంతం. ప్రతి భాగానికీ అనువాదం కింద తేలిక తెలుగులో వివరణ రాయాలి. ఆ వివరణ అమ్మకి చదివి వినిపించాలి. అమ్మ మూడో తరగతితో బడి మానేసిన మనిషి. అమ్మకి అర్థమైతేనే తర్వాతి భాగం. అమ్మకి అర్థమైతే తెలుగుకి అర్థమైనట్టే.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఆదివారం పొద్దున్నే స్కూటీ వేసుకుని ముసునూరు వచ్చేది. రమణమ్మ వాకిట్లో చాప వేసేది. కూతురు చదువుతుంటే తల్లి చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని వినేది. చింతపండు గింజలు తీయడమో, బియ్యంలో రాళ్లు ఏరడమో, ఆవకాయకి ముక్కలు కొట్టడమో. వినడమంటే ఊరికే వినడమా! పద్ధతిగా ఊఁ కొట్టేది. మనవైపు కథ చెప్పేవాళ్లకి ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి, లేకపోతే చెప్పేవాళ్ల నోరు కదలదు. రమణమ్మ ఊఁ మీద కృష్ణవేణి ఎన్ని కొండలెక్కిందో! ఇంద్రియ జ్ఞానం అంటే ఊఁ. స్వయం చైతన్యం అంటే ఊఁ. పరమ సత్యం తనని తాను విప్పుకుంటూ పోతుంది అంటే, "ఊఁ, పోతుంది మరి."

"అర్థమైందా అమ్మా?"

"ఊఁ."

ఆ ఊఁ వినిపించిన రోజున కృష్ణవేణి స్కూటీ నేల మీద నడిచేది కాదు. కాలేజీ స్టాఫ్ రూములో మానకుండా చెప్పేది, మా అమ్మకి అర్థమైంది అని. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. చూసుకోనీ.

ఏళ్లు పట్టింది గాని పుస్తకం పూర్తయింది. విజయవాడలో సాయికుమార్ అనే పబ్లిషరు వేస్తానన్నాడు. మంచివాడే గాని ఎప్పుడూ తొందర మనిషి. "వివరణ ఉంది కాబట్టి వేస్తున్నానండి. మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉందని మీరు గ్యారంటీ అంటున్నారుగా?" అని అడిగాడు. "నాదీ గ్యారంటీ" అంది కృష్ణవేణి. కంపోజింగ్ అయిపోయింది. కాగితం వచ్చేసింది. వచ్చేవారం ప్రెస్సుకి.

ఆ ఆదివారం ఆమె చదవడానికి రాలేదు, సంబరం పంచుకోవడానికి వచ్చింది. మే నెల, కాయ కోత జోరుగా ఉంది. రమణమ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని పచ్చికాయ ముక్కలు కోస్తోంది. ఇంతలో తోట యజమాని ప్రేమ్‌చంద్ కారు వచ్చి ఆగింది. ఆయన షెడ్డులో కాయ ఏరే ఆడవాళ్ల ముఠాకి రమణమ్మ మేస్త్రి. ఆమె చెయ్యి పడని కాయ లారీ ఎక్కదు.

"ఏం మేడమ్ గారూ, బాగున్నారా?" అని కృష్ణవేణిని పలకరించి, ప్రేమ్‌చంద్ తల్లి వైపు తిరిగాడు. "రమణమ్మా, నేను మొన్న ట్రైనింగుకి వెళ్లొచ్చాను. ఇక మీదట కాయని రంగూ ముచ్చికా చూసి ఏరటం కాదు. బరువుని బట్టి ఏరాలి. బరువైంది ఒక ట్రే, తేలికైంది ఒక ట్రే. సింపుల్."

"ఊఁ."

"ముదిరిందా లేదా అని ఒక్కో కాయా తిప్పి చూస్తే ఎప్పటికవుతుంది? టైమ్ వేస్టు."

"ఊఁ. అవునండి."

"ఆడవాళ్లందరికీ నువ్వే చెప్పాలి."

"ఊఁ, చెప్తానండి."

ప్రేమ్‌చంద్ తృప్తిగా తలూపి, మరికాసేపు ట్రైనింగు సంగతులు చెప్పి, వాటన్నిటికీ ఊఁ కొట్టించుకుని వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగిందో లేదో రమణమ్మ కత్తిపీట మీద కాయని టక్కున కోసింది.

"బరువు చూసి ఏరాలంట. ఏరితే సగం పచ్చివే పోతాయి, నాలుగు రోజులకి ముడతలు పడి తిరిగొస్తాయి. ముచ్చిక చుట్టూ కాయ భుజాలు నిండిందీ లేందీ చూడకుండా ఎవడన్నా కాయ ఏరతాడా? ఎప్పట్లాగే ఏరతాం మనం."

కృష్ణవేణి నవ్వింది. "మరి అన్నిటికీ ఊఁ అన్నావుగా అమ్మా!"

"అనకపోతే ఆయన కదుల్తాడా? ఊఁ అంటే విన్నానని. ఒప్పుకున్నానని ఎవరన్నారు?"

కృష్ణవేణి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఊఁ ఆమెకి కొత్తది కాదు. అదే గొంతు, అదే సాగతీత, కత్తిపీట మీద చెయ్యి ఆగకుండా వచ్చే అదే ఊఁ. ఇన్నేళ్లుగా ఆదివారం ఆదివారం ఆమె మూటగట్టుకుని నూజివీడు తీసుకెళ్లింది దాన్నే.

"అమ్మా," అంది నెమ్మదిగా. "నాక్కూడా ఇదే ఊఁనా?"

రమణమ్మ ముక్కలు గిన్నెలోకి తోసింది.

"నిన్నే అడిగేది."

"నువ్వు చదువుతుంటే బాగుంటదే వేణీ. గొంతు గంటలా ఉంటది. ఇంక అర్థమంటావా, అప్పుడప్పుడూ ఒక ముక్క తగిలేది. మిగతాదంతా పై నుంచి పోయేది."

"ప్రతిసారీ అడిగానుగా, అర్థమైందా అని!"

"ఊఁ అన్నానుగా."

అంతే, కృష్ణవేణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒళ్లు మండింది కూడా. ఇన్నేళ్ల చాకిరీ, ఇన్ని వందల పేజీలు, పబ్లిషరుకిచ్చిన గ్యారంటీ, అంతా ఒక గొంతు చప్పుడు మీద కట్టిన గోడా? ప్రొఫెసరు గారి మాటే నిజమా? "నన్ను మోసం చేశావమ్మా. నీకంటే ఆయనే నయం, తెలుగులో నిలబడదని మొహం మీద చెప్పాడు," అంది.

రమణమ్మకి కోపం రాకుండా ఉంటుందా! ఊళ్లో ఎవరూ ఆ మనిషితో అలా మాట్లాడలేదు. కత్తిపీట పక్కకి నెట్టింది.

"ఏంటే మోసం? నేను ఊఁ అనకపోతే నువ్వు మొదటి నెలలోనే మానేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా? మానేస్తే ఆ హైదరాబాదాయన నెగ్గేవాడు. రమణమ్మ కూతురు చేతగాక వదిలేసిందనేవాడు. అననిస్తానా నేను? అందుకన్నాను ఊఁ. ఇంకో పదేళ్లు చదివినా అంటాను. ఏం చేసుకుంటావో చేసుకో పో!"

కృష్ణవేణి విసురుగా లేచి స్కూటీ దాకా వెళ్లింది. తాళం తిప్పలేదు. ఆ పుస్తకంలో ఒక భాగం ఆమె బుర్రలో తిరుగుతోంది. యజమానీ పనివాడూ అన్న భాగం. పుస్తకం మొత్తానికీ పేరు తెచ్చింది అదే, ఆమె ఎంతో ఇష్టపడి వివరణ రాసిందీ దానికే. ఎదురు చెప్పే హక్కు లేనివాడు ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలుకి విలువేముంది అని కదా అందులో రాసింది! రాసి, అమ్మకి చదివి, ఊఁ అనిపించుకుని, పొంగిపోయి ఇంటికెళ్లింది. వాకిట్లో కాసేపటి క్రితం ప్రేమ్‌చంద్ నిలబడ్డ చోటే ఇన్నాళ్లూ తను కూర్చుంది. ఆ సంగతి తట్టగానే ఆమెకి సిగ్గేసింది. కోపం దిగిపోయింది.

తిరిగి వచ్చి తల్లికి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతిలో కాగితాలు లేవు.

"అమ్మా, ఒక్క భాగం చెప్తాను. చదవను, చెప్తాను. నువ్వు ఊఁ అనకూడదు. ఒక్కసారి కూడా. అర్థం కాకపోతే కాలేదను. తప్పనిపిస్తే తప్పు అను."

"పెద్దాయన్ని పట్టుకుని తప్పంటే ఏం బాగుంటదే?"

"చచ్చిపోయి రెండొందల ఏళ్లవుతోంది. ఏమీ అనుకోడు."

రమణమ్మ మూతి బిగించుకుంది. ఊఁ అనకుండా వినడం ఆమెకి ఎంత కష్టమో చూడాలి, నోటికి తాళం వేసుకున్నట్టు కూర్చుంది.

కృష్ణవేణి మొదలుపెట్టింది. "ఇద్దరు మనుషులు ఎదురుపడ్డారు. నేనూ ఒక మనిషినేనని అవతలివాడు ఒప్పుకోవాలని ఇద్దరికీ ఉంది. ముందు నువ్వు ఒప్పుకో అంటే నువ్వు ఒప్పుకో అని కొట్టుకున్నారు."

"ఏం, ఇద్దరూ ఒకేసారి ఒప్పుకుంటే పోయేదిగా?"

కృష్ణవేణి తడబడింది. "ఉండు, అక్కడికి వస్తాను. కొట్టుకుంటే ఒకడు ప్రాణభయంతో లొంగిపోయాడు. వాడు పనివాడయ్యాడు. రెండోవాడు యజమానయ్యాడు. పనివాడు చేస్తాడు, యజమాని తింటాడు. కాని యజమానికి సుఖం లేదు. వాడు గొప్పోడని చెప్పేది ఎవరు? ఆ పనివాడే. పనివాణ్ణి యజమాని మనిషి కిందే లెక్కెయ్యడు, మరి వాడి మాటకి విలువెక్కడిది?"

"అది నిజం," అంది రమణమ్మ వెంటనే. "అందుకే ప్రేమ్ బాబు చెప్పిందే పదిసార్లు చెప్తాడు. నా ఊఁ మీద ఆయనకే నమ్మకం లేదు."

కృష్ణవేణికి ఒళ్లు పులకరించింది. అలా ఎప్పుడూ అనలేదు అమ్మ. గొంతు సవరించుకుని ముందుకెళ్లింది. "పనివాడి సంగతి వేరు. వాడు వస్తువుని చేత్తో చేస్తాడు, దిద్దుతాడు. చేసిన దాంట్లో వాడికి తన బుద్ధి కనిపిస్తుంది. ఇది నేను చేశాను, నేనంటే ఇదీ అని తెలుస్తుంది. చివరికి తనెవరో తెలిసేది యజమానికి కాదు, పనివాడికే."

"అబద్ధం."

"ఏంటీ?"

"అబద్ధం అంటున్నా. తప్పు అనమన్నావుగా, అన్నాను. కాయలో నాకు నేను కనపడతానా? ఏరిన కాయ సాయంత్రానికి లారీ ఎక్కుద్ది. ఢిల్లీలో ఎవరో తిని టెంక పారేస్తారు. దాని మీద రమణమ్మ ఏరిందని రాసుందా? మీ జర్మనీ ఆయన ఒక్కరోజన్నా షెడ్డులో కూర్చున్నాడా?"

"లేదు," అంది కృష్ణవేణి. తర్వాత ఆమె అడిగింది నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. ఇన్నేళ్లలో తల్లిని అలాంటి ప్రశ్న అడగలేదు. "మరి నువ్వు మంచి పనిదానివని నీకెలా తెలిసిందమ్మా?"

రమణమ్మ తడుముకోలేదు. ఆ కథ చెప్పడం ఆమెకి ఇష్టంలాగుంది, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"షెడ్డులో కొత్తగా చేరినదాని గంపని పక్కనున్నది మళ్లీ కుమ్మరించి ఏరుద్ది. అది రివాజు. మేస్త్రి చెప్పక్కర్లేదు, యజమాని చూడక్కర్లేదు. నా గంప సవరయ్య పెళ్లాం కుమ్మరించేది. రోజూ కుమ్మరించేది, రోజూ రెండు మూడు కాయలు తీసి నా మొహాన చూపించేది. ఏడుపొచ్చేది నాకు. ఒకరోజు నా గంప దగ్గరికి లాక్కుంది, పైపైన చూసింది, కుమ్మరించకుండా పక్కకి జరిపేసింది. ఒక్క మాట అన్లేదు. ఆ రోజు ఇంటికి ఎట్లా నడిచొచ్చానో తెలుసా? రోడ్డంతా నాదే. యజమాని వంద మెచ్చుకోనీ, ఆ నడక రాదు. అప్పట్నించీ ఆమె గంప నేనూ కుమ్మరించలేదు."

కృష్ణవేణి తొడ మీద చరుచుకుంది. "అమ్మా, ఇది ఆయన అన్నాడు! కొట్లాటకి ముందే అన్నాడు. ఒకడు అవతలివాణ్ణి ఒప్పుకోవడం చాలదు, ఇద్దరూ ఒకరినొకరు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటున్నామని ఇద్దరికీ తెలియాలి అని!"

"అన్నాడా? మరి నాకు చెప్పలేదేంటి?"

"చదివానే! నువ్వు ఊఁ అన్నావు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. రమణమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నవ్వుతూనే కృష్ణవేణికి ఒక సంగతి తట్టింది. ఆ ముక్కకి తను రాసిన వివరణ రెండే రెండు వాక్యాలు. తేలికగా ఉందనుకుని దాటేసి, కొట్లాట దగ్గరికి పరిగెత్తింది. ప్రాణం ఉన్న చోట రెండు వాక్యాలు!

"సరే, అదొక్కటీ సరిగ్గానే అన్నాడు," అంది రమణమ్మ. "చేసిన వస్తువులో మనిషి కనపడతాడన్నది మాత్రం తప్పు."

"తప్పు కాదమ్మా. వస్తువు పోయినా చేసిన చెయ్యి మారుతుంది. ఇప్పుడు నీ వేలికి తెలిసింది మొదటి రోజు తెలుసా? అదీ ఆయన చెప్పేది."

"వేలికి తెలిస్తే సరిపోద్దా? పక్కది చూడొద్దా?"

అలా పట్టుకున్నారు తల్లీకూతుళ్లు. అన్నం వేళ దాటిపోయింది. పచ్చికాయ ముక్కలు ఎండకి వాడిపోయాయి, ఆ ఏడు ఆవకాయకి అవి పనికి రాలేదు.

సోమవారం పొద్దున్నే కృష్ణవేణి విజయవాడకి ఫోన్ చేసింది. "సాయికుమార్ గారూ, పుస్తకం ఆపండి."

"మేడమ్, తమాషా చేస్తున్నారా? కాగితం కట్టలు హాల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆపితే మళ్లీ ఎప్పుడు వేస్తానో నేను మాటివ్వలేను."

ఇక ఎప్పటికీ వేయకపోవచ్చు. ఇన్నేళ్ల పని బీరువాలో పడుకోవచ్చు. అయినా అంది, "మామూలు మనిషికి అర్థమవుతుందని మీకు గ్యారంటీ ఇచ్చాను. అది ఉత్తదని నిన్న తేలింది. వివరణలన్నీ మళ్లీ రాస్తాను."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. అయినా సరే, ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. ఇప్పుడు ఆదివారాల తీరే మారిపోయింది. కృష్ణవేణి చెప్తుంది, రమణమ్మ అడ్డం పడుతుంది. అర్థం కాలేదంటే కూతురు మళ్లీ చెప్పాలి. తప్పంటే నిరూపించాలి. కొన్నిచోట్ల తల్లి నెగ్గింది, చాలాచోట్ల జర్మనీ ఆయనే నెగ్గాడు, పరమ సత్యం దగ్గర మాత్రం ఇద్దరికీ నోళ్లు నొప్పి పుట్టి ఊరుకున్నారు. యజమానీ పనివాడూ దగ్గర తెగలేదు. అందుకని కృష్ణవేణి ఆ భాగం కింద తన వివరణా, దాని కింద 'రమణమ్మ అభ్యంతరం' అని తల్లి మాటలూ, ఉన్నవి ఉన్నట్టు రాసింది. మళ్లీ మామిడి కాయల కాలం వచ్చేసరికి అంతా రాసి, ఆశ వదిలేసుకుని, సాయికుమార్‌కి పంపింది.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. "మేడమ్, నిజం చెప్తాను. మీ పుస్తకం నేను వేద్దామనుకున్నాను గాని చదవలేదు. ఈ రమణమ్మ గారి పేజీలు మాత్రం నిలబడి చదివాను. తర్వాత అసలాయన ఏమన్నాడో చూద్దామని వెనక్కెళ్లి అదీ చదివాను. వేస్తున్నాం. ముందు పేజీలో కృతజ్ఞతలకి ఒక ముక్క రాసి పంపండి."

కృష్ణవేణి స్కూటీ తీసుకుని తిన్నగా షెడ్డుకెళ్లింది. మధ్యాహ్నం వేళ, ఆడవాళ్లు ట్రేల పక్కన కూర్చుని క్యారేజీలు విప్పుకుంటున్నారు. షెడ్డంతా పండు వాసన. సంగతి చెప్పగానే అందరూ చుట్టూ చేరారు. చదువు చదువు అని పట్టుబట్టారు. ఆమె రమణమ్మ అభ్యంతరం మొత్తం చదివింది. గంప కుమ్మరించే చోట ముసలామె ఒకతి కళ్లొత్తుకుంది. చదవడం అయ్యేదాకా ఎవరూ ఊఁ అనలేదు, అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

అందరికంటే చిన్నది షాలోమి, ఇంటర్ తప్పి పనికొచ్చిన పిల్ల, తలెత్తింది. "మరి అక్కా, ఆ యజమాని గంప ఎవరు కుమ్మరిస్తారు?"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. కృష్ణవేణి నవ్వలేదు. "తెలీదు షాలోమీ. ఆయన ఏమన్నాడో వెతికి చెప్తాను. ఏమీ అనకపోతే నీ ప్రశ్న కూడా పుస్తకంలో వేస్తాను." ఈ పుస్తకం ఎవరి కోసం అని ప్రొఫెసరు గారు ఇప్పుడు అడిగితే బాగుండునని ఆమెకి అనిపించింది. చెయ్యి చాచి చూపించేది, ఇదిగో వీళ్ల కోసం అని.

గర్వంగా తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ముందు పేజీలో నీ పేరు వేస్తున్నారు. ఈ పుస్తకాన్ని మొదట అర్థం చేసుకున్న మనిషి మా అమ్మ రమణమ్మ అని రాయనా?"

రమణమ్మ క్యారేజీ మూత బిగించి, చీర కుచ్చెళ్లు దులుపుకుని లేచింది.

"రాయి, నా పేరు పెద్దక్షరాలతో రాయి. ఒప్పుకున్నానని మాత్రం రాయమాక."